మృతుల పండుగ: మెక్సికోలో దియా దె మువెర్తోస్

చనిపోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారు. వాళ్ళకు దారి కనబడేలా దీపం పెట్టాలి, దాహానికి నీళ్ళు ఉంచాలి, బతికున్నప్పుడు ఇష్టంగా తిన్నవి వండిపెట్టాలి. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో జరిగే దియా దె మువెర్తోస్‌కు పునాది ఇంతే. ఇంట్లో పీఠం కట్టడం, శ్మశానంలో సమాధులను కడిగి పూలతో నింపడం, చాలాచోట్ల అక్కడే రాత్రంతా జాగారం చేయడం ఈ పండుగలో ముఖ్యమైన పనులు. క్యాథలిక్ క్యాలెండరులో నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2 మృతుల స్మరణ దినం. తెలుగునాట క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి, పూలదండలు, కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగ కూడా ఆ నవంబరు 2నే. తేదీ ఒకటే అయినా మెక్సికోలో అది వేరే దారి పట్టింది. స్మరణతో ఆగకుండా విందు అయింది, వెటకారమైంది, చివరికి జాతీయ చిహ్నమైంది.

యునెస్కో ఈ పండుగను 2003లో మానవాళి మౌఖిక, అమూర్త వారసత్వంలో ఉత్తమ సృష్టిగా ప్రకటించి, 2008లో ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. అక్కడ రాసుకున్న పేరులో దీన్ని మూలవాసుల పండుగ అన్నారు. ఆ మాట ఎంతవరకు నిజమన్న దానిమీద మెక్సికో పండితుల్లోనే గట్టి వాదం ఉంది. ఆ సంగతి తరవాత చూద్దాం. బయటి ప్రపంచం ఈ పండుగ పేరు వినగానే తలుచుకునే పుర్రె ముఖాలు, వీధి ఊరేగింపులు మాత్రం దీని పొరల్లో అన్నిటికన్నా కొత్తవి.

ఎవరు ఎప్పుడు వస్తారు

ఆత్మల రాకకు ఒక వరస ఉంది. ప్రాంతాన్ని బట్టి కొంత మారినా, ప్రమాదాల్లోనో హత్యకు గురయ్యో పోయినవాళ్ళకు అక్టోబరు 28ని కేటాయిస్తారు. ఆ తరవాతి ఒకటి రెండు రోజులు బాప్తిస్మం పొందకుండా పోయిన పసికందులకు, తలుచుకునే దిక్కులేని ఆత్మలకు. వీళ్ళ కోసం కొన్ని ఊళ్ళలో గుమ్మం బయట ఒక రొట్టె, ఒక గ్లాసు నీళ్ళు పెడతారు. అక్టోబరు 31న పిల్లల ఆత్మలు వస్తాయి. వీళ్ళను ‘ఆన్హెలీతోస్’ అంటారు, అంటే చిట్టి దేవదూతలు. వీళ్ళకు తెల్ల పూలు, చిన్న చిన్న గిన్నెలు, మిఠాయిలు, బొమ్మలు పెట్టి, కారం లేని వంట చేస్తారు. నవంబరు 1 మధ్యాహ్నం చర్చి గంటలు మోగగానే పిల్లలు సెలవు తీసుకుంటారు, పెద్దలు దిగుతారు. అప్పుడు మిరపకాయలు, మద్యం, సిగరెట్లు బయటికొస్తాయి. 2వ తేదీన పెద్దలూ వెళ్ళిపోతారు. పెంపుడు జంతువులకు అక్టోబరు 27 అన్న మాట ఈమధ్య నగరాల్లో, సామాజిక మాధ్యమాల్లో బాగా పాకింది. పాత పుస్తకాల్లో అది కనబడదు.

పండుగకు ముందు నెల రోజుల లోపు పోయినవాళ్ళకు ఆ ఏడు పీఠం పెట్టకూడదని కొన్నిచోట్ల అంటారు. అవతలి లోకంలో అప్పుడే చేరినవాళ్ళకు తిరిగి వచ్చే అనుమతి ఇంకా దొరకదట.

పీఠం

ఇంట్లో కట్టే పీఠాన్ని ‘ఒఫ్రెండా’ అంటారు. నైవేద్యం అని అర్థం. బల్లలు, పెట్టెలు, బీరువా అరలు ఏది దొరికితే అది మెట్లుగా పేర్చి, మీద తెల్ల గుడ్డ పరుస్తారు. రెండు మెట్లయితే భూమి, ఆకాశం అని, మూడయితే వాటితోపాటు పాపవిమోచన లోకం అని, ఏడయితే ఆత్మ దాటాల్సిన దశలని వివరణలు ఉన్నాయి. బడుల్లో పిల్లలకు ఇవన్నీ పట్టికలా నేర్పిస్తారు కానీ, ఇళ్ళలో పీఠం ఎత్తును నిర్ణయించేది గది ఎత్తు, చేతిలో ఉన్న డబ్బు. పైన వర్జిన్ మేరీదో ఇంటి ఇలవేల్పు లాంటి పునీతుడిదో పటం, దాని కింద పోయినవాళ్ళ ఫొటోలు. చుట్టూ చెరకు గడలు వంచి, పూలు కట్టి కమాను నిలబెడతారు. ఆ కమాను అతిథులు లోపలికి వచ్చే గుమ్మం.

మిగతావాటిలో ప్రతిదానికీ ఒక పని ఉంది. దూరం నుంచి నడిచొచ్చినవాళ్ళ దాహానికి నీళ్ళు. ఆత్మ చెడిపోకుండా ఉప్పు. ఒక్కో ఆత్మకు ఒక్కో కొవ్వొత్తి. అలిసినవాళ్ళు కూర్చోవడానికి ‘పెతాతే’ అనే తాటాకు చాప. పోయిన మనిషి వాడిన టోపీ, పనిముట్టు, తాత ఊదిన బూర. పరలోకపు నదిని దాటించే వెంట్రుకలు లేని షోలో జాతి కుక్క బొమ్మ. వీటి నడుమ కోపాల్ ధూపం వేస్తారు. ఇది గుగ్గులు చెట్టు కుటుంబానికే చెందిన చెట్ల బంక, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడి గుళ్ళలో వేసిన ధూపమే. ఆ పొగ, పూల వాసన ఆత్మలకు దారి చూపుతాయని నమ్మకం. వచ్చినవాళ్ళు తిండిలోని సారాన్ని, వాసనను తీసుకుంటారని, మర్నాడు చప్పబడ్డ తిండిని ఇంటివాళ్ళు తింటారని, బంధువులకు, ఇరుగుపొరుగులకు పంచుతారని చెబుతారు. చప్పబడిందని పైకి అంటూనే ఆ మోలేను రెండోసారి వడ్డించుకోవడం కూడా ఉంది.

‘మోలే’ అంటే ఎండుమిర్చి, గింజలు, మసాలా దినుసులు, కొన్నిచోట్ల కోకో కలిపి నూరి కాచే చిక్కటి పులుసు. కోడి మాంసం మీద పోస్తారు. మొక్కజొన్న పిండి ముద్దను పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించే తమాలేలు, మొక్కజొన్న జావ, బెల్లం పాకంలో ఉడికించిన గుమ్మడికాయ, నారింజలు, జామకాయలు పీఠం నిండా ఉంటాయి. గుమ్మడి, మొక్కజొన్న, మిరప, జామ అమెరికా ఖండాలవే. చెరకు, నారింజ, గోధుమ స్పెయిన్ ఓడల్లో వచ్చినవి. ఈ పండుగ చరిత్ర ఎంత కలగలుపో తేల్చడానికి పీఠం మీది పళ్ళెం ఒక్కటి చాలు.

బంతిపూలు, చిల్లుల కాగితం

ఈ పండుగ పువ్వు ‘సెంపాసూచిల్’. మనం బంతి అని పిలిచేది ఇదే. టగేటస్ ఇరెక్టా అనే ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో. యూరోపియన్ నౌకల వెంట ప్రపంచమంతా తిరిగి భారతదేశం చేరింది. బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన వరసగా పేర్చే బంతి, సంక్రాంతికి గుమ్మాలకు కట్టే బంతి అక్కడి సమాధుల మీది పువ్వుకు దాయాదే. ఇక్కడ అది శుభకార్యాల పువ్వుగా స్థిరపడింది, అక్కడ మృతుల పువ్వుగా. మెక్సికోలో జూన్, జూలై నెలల్లో విత్తి, అక్టోబరు చివరికల్లా కోతకు వచ్చేలా పండిస్తారు. ప్వేబ్లా రాష్ట్రం సాగులో ముందుంటుంది. మెక్సికో నగరపు దక్షిణాన సోచిమిల్కో కాలువల నడుమ, స్పెయిన్ వాళ్ళకు ముందు అక్కడ ఏలిన ఆజ్టెక్కుల కాలం నాటి, నీళ్ళలో మట్టి పోసి లేపిన మళ్ళలో కుండీ మొక్కలుగా పెంచి అమ్ముతారు. రేకులు తుంచి వీధి గుమ్మం నుంచి పీఠం దాకా బాటలా పోస్తారు. దీనికి జతగా ఎర్రటి కోడిజుట్టు పువ్వు వాడతారు. 

పీఠం మీద తోరణాల్లా వేలాడే రంగుల కాగితాలను ‘పపేల్ పికాడో’ అంటారు. మూలవాసులు చెట్టు బెరడుతో చేసుకున్న అమాతే కాగితం పూజల్లో ముందునుంచీ ఉంది. పలచటి రంగు కాగితం మాత్రం మనీలా నుంచి అకపుల్కో రేవుకు వచ్చిన స్పెయిన్ ఓడల్లో ఆసియా సరుకుగా దిగింది. దాన్ని ఇప్పటికీ చీనా కాగితమనే పిలుస్తారు. ప్వేబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విష్కొలోత్లా ఈ పనికి పేరుబడ్డ ఊరు. పదుల కొద్దీ కాగితాలను ఒక దొంతరగా పేర్చి, సీసపు పలక మీద పెట్టి, రకరకాల మొనల ఉలులతో సుత్తితో కొడుతూ బొమ్మను చెక్కుతారు. తప్పు దెబ్బ పడితే దొంతరంతా పోయినట్టే. ఈ ఊరి కాగితపు పనిని ప్వేబ్లా రాష్ట్రం 1998లో సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

రొట్టె, చక్కెర పుర్రె

సెప్టెంబరు సగంలోనే మెక్సికో బేకరీల్లో ‘పాన్ దె మువెర్తో’ కనబడటం మొదలవుతుంది. గుండ్రటి తియ్య రొట్టె, మీద ఎముకల్లా అడ్డంగా పరిచిన పిండి కడ్డీలు, నడుమ పుర్రెకు గుర్తుగా చిన్న ఉండ, పైన చక్కెర. నారింజ పూల నీళ్ళు కలపడం వల్ల ప్రత్యేకమైన వాసన వస్తుంది. ఇది నగరపు రూపం. వహాకాలో గుడ్డు సొన ఎక్కువగా పోసిన రొట్టెలో రంగులేసిన చిన్న పిండి ముఖాన్ని గుచ్చుతారు. మరికొన్ని ఊళ్ళలో రొట్టెను మనిషి ఆకారంలోనో జంతువు ఆకారంలోనో కాలుస్తారు.

చక్కెర పుర్రెలది అరబ్బుల నుంచి స్పెయిన్‌కు, అక్కడి నుంచి మెక్సికోకు చేరిన ‘అల్ఫెన్యికె’ మిఠాయి విద్య. ఉడుకుతున్న పాకాన్ని మట్టి అచ్చుల్లో పోసి, కాసేపాగి లోపలిది వంపేస్తే బోలు పుర్రె మిగులుతుంది. దాని మీద రంగుల చక్కెర ముద్దతో కళ్ళు, పూలు దిద్ది, తళుకు కాగితం అంటించి, నుదుట పేరు రాస్తారు. ఆ పేరు పోయినవాళ్ళదే కానక్కర్లేదు. స్నేహితుడి పేరు రాయించి అతనికే ఇస్తారు, అతను తన పుర్రెను తానే కొరుక్కు తింటాడు. తోలూకా నగరంలో ఏటా జరిగే అల్ఫెన్యికె సంత ఈ మిఠాయిలకు పెద్ద బజారు. చాక్లెట్‌తోనూ, తోటకూర జాతికి చెందిన అమరాంత్ గింజలతోనూ పుర్రెలు చేస్తారు. ఈ అమరాంత్ పిండితోనే ఆజ్టెక్కులు కొండ దేవతల బొమ్మలు, నీట మునిగి పోయినవాళ్ళ జ్ఞాపకార్థం బొమ్మలు చేసి, పూజ అయ్యాక తినేవాళ్ళని 16వ శతాబ్దపు సన్యాసి బెర్నార్దినో దె సహగూన్ రాశాడు.

ఊరికో తీరు

మెక్సికో అంతటా ఒకే పండుగ జరుగుతుందనుకుంటే పొరపాటు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలాకాలం దీనికి పెద్ద హడావుడి లేదు. మధ్య, దక్షిణ ప్రాంతాల్లో ఊరు దాటితే ఆచారం మారిపోతుంది.

మిచోవకాన్ రాష్ట్రంలో పాత్స్‌క్వారో సరస్సు ఒడ్డున, అందులోని హానిత్సియో ద్వీపంలో పురేపెచా మూలవాసులు నవంబరు 1 రాత్రి సమాధుల పక్కనే చలిలో దుప్పట్లు కప్పుకొని తెల్లవార్లూ కూర్చుంటారు. ఫొటోల పుణ్యమా అని హానిత్సియో లోకప్రసిద్ధమైంది. ఆ రాత్రి పడవల నిండా వచ్చే పర్యాటకులు సమాధుల మధ్య కాలు పెట్టే చోటు లేకుండా చేస్తారు. సీతాకోకచిలుక రెక్కల్లాంటి వలలతో పడవల్లో నిలబడే జాలరులు కూడా ఇప్పుడు ఎక్కువగా కెమెరాల కోసమే ఆ వలలు ఎత్తుతున్నారు. నిజమైన సీతాకోకచిలుకలకూ ఈ పండుగకూ ఒక ముడి ఉంది. కెనడా, అమెరికాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే మోనార్క్ సీతాకోకచిలుకలు మిచోవకాన్ కొండ అడవులకు చేరేది సరిగ్గా నవంబరు తొలిరోజుల్లోనే. వాటిని తిరిగొచ్చిన ఆత్మలుగా భావించడం అక్కడి పల్లెల్లో ఉంది.

మెక్సికో నగరపు అంచున ఉన్న మీష్కిక్‌లో ఇంటింటి గుమ్మానికీ నక్షత్రాకారపు లాంతరు వేలాడుతుంది. నవంబరు 2 సాయంత్రం చర్చి చుట్టూ ఉన్న శ్మశానంలో వేల కొవ్వొత్తులు ఒక్కసారిగా వెలుగుతాయి. ప్వేబ్లాలోని వకెచూలాలో ఆ ఏడాదిలో పోయినవాళ్ళకు మాత్రమే ప్రత్యేక పీఠాలు కడతారు. తెల్లటి శాటిన్ గుడ్డను మడతలు మడతలుగా కుట్టి నేల నుంచి కప్పు దాకా అంతస్తులుగా లేపుతారు. పోయినవాళ్ళ ఫొటోను నేరుగా చూడనివ్వరు, ఎదురుగా పెట్టిన అద్దంలో దాని ప్రతిబింబాన్ని చూడాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు గుమ్మంలోకి వచ్చినా కూర్చోబెట్టి రొట్టె, చాక్లెట్ పానీయం ఇస్తారు. పీఠం ఖర్చు, వచ్చేపోయేవాళ్ళ భోజనాలు కలిపి కుటుంబానికి బరువే. అయినా వెనక్కి తగ్గడం అక్కడ నామోషీ.

వహాకా నగరం పక్క షోషోకొత్లాన్ శ్మశానంలో జాగారం అక్టోబరు 31 రాత్రే. సాన్ అగుస్తీన్ ఎత్లాలో మాత్రం గంటలు, అద్దాలు కుట్టిన దుస్తులు తొడుక్కొని బ్యాండు మేళంతో వేషగాళ్ళు తెల్లారేదాకా వీధులు తిరుగుతారు. ఊరి పెద్దలను, చర్చి ఫాదర్లను, డాక్టర్లను ఎగతాళి చేసే నాటకం అందులో భాగం. హిదాల్గో, సాన్ లూయిస్ పొతొసీ, వెరాక్రూస్ రాష్ట్రాలు కలిసే వస్తేకా ప్రాంతంలో పండుగ పేరు షాంతోలో. చెక్క ముసుగులు వేసుకున్న ‘వెవెస్’ ఇంటింటి ముందూ ఆడతారు. ముసుగుల చాటున మృతులు బతికినవాళ్ళతో కలిసి ఆడుతున్నా ఎవరూ పోల్చుకోలేరని భావన. ఇక్కడి వంట సకవీల్. ఒక మనిషి మోయలేనంత పెద్ద తమాలే ఇది, అరటాకుల్లో చుట్టి మట్టి పొయ్యిలో రాత్రంతా కాలుస్తారు.

యుకతాన్ ద్వీపకల్పపు మాయా జనం దీన్ని హనాల్ పిషాన్ అంటారు, ఆత్మల భోజనం. గొయ్యి తవ్వి, నిప్పుల మీద రాళ్ళు కాల్చి, అరటాకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి, కోడి మాంసపు ‘పీబ్’ను మట్టి కప్పి ఉడికిస్తారు. వచ్చిన ఆత్మలు పిల్లలను తీసుకుపోకుండా వాళ్ళ ముంజేతులకు ఎర్ర దారమో నల్ల దారమో కడతారు. కంపేచే రాష్ట్రంలోని పొముచ్ ఊరి ఆచారం బయటివాళ్ళకు ఒళ్ళు జలదరించేది. పాతిపెట్టిన మూడేళ్ళకు ఎముకలను తీసి చెక్కపెట్టెలో భద్రపరిచి, ఏటా పండుగ ముందు ఇంటివాళ్ళే ఒక్కో ఎముకను గుడ్డతో, కుంచెతో దులిపి తుడుస్తారు. అమ్మమ్మ పుర్రెను ఒళ్ళో పెట్టుకొని ఇంటి కబుర్లు చెబుతారు. తరవాత ఆ మనిషి పేరు కుట్టిన కొత్త గుడ్డ పెట్టెలో పరిచి ఎముకలను తిరిగి సర్దుతారు. పాత గుడ్డ తీసి కొత్తది వేయడాన్ని బట్టలు మార్చడం అంటారు. అందులో వాళ్ళకు భయమూ లేదు, వింతా లేదు.

ఎంత పాతది?

పర్యాటక పుస్తకాలన్నీ ఇది మూడు వేల ఏళ్ళ ఆజ్టెక్ పండుగ అని మొదలుపెడతాయి. ఆజ్టెక్ సామ్రాజ్యమే 1521లో తెనోచ్తిత్లాన్ పతనం నాటికి నూరేళ్ళది కూడా పూర్తిగా కాదు కాబట్టి ఆ లెక్కను పక్కన పెట్టవచ్చు. తెలిసింది ఇది. ఇరవయ్యేసి రోజుల 18 నెలలున్న వాళ్ళ క్యాలెండరులో తొమ్మిది, పది నెలల్లో చనిపోయిన పిల్లలకొకటి, పెద్దలకొకటి చొప్పున రెండు ఉత్సవాలు ఉండేవి. అవి మన లెక్కన జూలై, ఆగస్టు ప్రాంతం. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మిక్త్లాన్ అనే అధోలోకానికి నాలుగేళ్ళు ప్రయాణించి, తొమ్మిది గండాలు దాటి చేరతారని, అక్కడ మిక్త్లాన్తెకూత్లి, మిక్తెకసీవాత్ల్ అనే దంపతులు ఏలతారని నమ్మేవాళ్ళు. యుద్ధంలో చచ్చినవాళ్ళు, పురిట్లో పోయిన స్త్రీలు సూర్యుడి దగ్గరికి, నీట మునిగినవాళ్ళు వానదేవుడి లోకానికి. పాలు తాగే వయసులో పోయిన పిల్లలు కొమ్మల నుంచి పాలు కారే చెట్టు కిందికి. మనిషి ఎలా బతికాడన్నది కాదు, ఎలా పోయాడన్నదే గమ్యాన్ని తేల్చేది.

1570లలో డొమినికన్ సన్యాసి దియేగో దురాన్ ఒక సంగతి గమనించాడు. సకల పునీతుల రోజున మూలవాసులు పిల్లల కోసం, మర్నాడు పెద్దల కోసం నైవేద్యాలు పెడుతున్నారు. క్రైస్తవ పండుగ ముసుగులో పాతదాన్ని చేసుకుంటున్నారేమోనని ఆయనకు అనుమానం కలిగింది. మూలవాసి వారసత్వాన్ని నిలబెట్టేవాళ్ళకు ఆ అనుమానమే పెద్ద సాక్ష్యం. దీనికి ఎదురుగా చరిత్రకారిణి ఎల్సా మాల్వీదో, ఈ పండుగలో చాలా భాగం మధ్యయుగ యూరప్ నుంచి వచ్చిందేనని వాదించింది. మృతుల దినాన్ని 998 ప్రాంతంలో ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో మొదలుపెట్టాడు. ఆ రోజుకు ప్రత్యేకంగా రొట్టెలు, మిఠాయిలు చేయడం, సమాధుల మీద దీపాలు పెట్టడం స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ ఉన్నవే. మానవ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బ్రాండెస్ కూడా ఇలాంటి జాగ్రత్తే చెప్పాడు. పుర్రె బొమ్మ కనబడగానే ఆజ్టెక్ అనేయవద్దన్నాడు. ఆజ్టెక్కుల రాతి పుర్రెలకూ ఈనాటి నవ్వే చక్కెర పుర్రెలకూ నడుమ తెగని దారం ఉందని చూపించే ఆధారాలు తక్కువ.

ఈ వ్యాసకర్తకు తోచేది, రెండు పక్షాలూ వేరువేరు పండుగల గురించి మాట్లాడుతున్నాయని. తేదీలు, గుడి గంటలు, గోధుమ రొట్టె, చక్కెర చర్చి దారిన వచ్చాయి. బంతి, కోపాల్, మొక్కజొన్న, పోయినవాళ్ళకు తిండి పెట్టాలన్న పట్టుదల ఊళ్ళలో ముందునుంచీ ఉన్నాయి. పల్లె రైతుకు ఇది కోత కాలం కూడా. కొత్త మొక్కజొన్న ఇంటికొచ్చే వేళ పెద్దలను తలుచుకోవడానికి అతను ఏ రోమ్ నుంచీ అనుమతి అడగలేదు.

నవ్వే అస్థిపంజరం

కలవేరా అంటే పుర్రె. ఆ పేరుతోనే హాస్య పద్యాలూ ఉన్నాయి. బతికున్నవాళ్ళు చచ్చిపోయినట్టు ఊహించి, వాళ్ళ సమాధి మీద రాసినట్టు ఎకసెక్కంగా కట్టే పద్యాలివి. 19వ శతాబ్దంలో పత్రికల్లో పెరిగాయి. ఇప్పటికీ నవంబరు మొదట్లో మంత్రులను, క్రీడాకారులను, సంపాదకులను పత్రికలు ఇలా చంపేస్తుంటాయి. బడుల్లో పిల్లలు ప్రధానోపాధ్యాయుడి మీద రాసి చదువుతారు. 

ఈ పద్యాల పక్కన బొమ్మలు చెక్కినవాడు హొసే గ్వాదలూపె పొసాదా. 1852లో అగ్వాస్‌కలియెంతెస్‌లో పుట్టి, మెక్సికో నగరంలో ఆంతోనియో వనేగాస్ అరోయో అచ్చుశాలకు కాణీ ఖరీదు కరపత్రాల కోసం వేలకొద్దీ బొమ్మలు చెక్కాడు. ఆయనకు ముందే మనుయెల్ మనీయా ఆ అచ్చుశాలకు పుర్రె బొమ్మలు చెక్కాడు. సైకిలు తొక్కే అస్థిపంజరాలు, తాగి తందనాలాడే అస్థిపంజరాలు పొసాదా చేతిలో జనంలోని మనుషులయ్యాయి. 1910ల తొలినాళ్ళలో ఈకలు, పూలు పెట్టిన పెద్ద టోపీతో ఒక ఆడ పుర్రెను చెక్కాడు. తన మూలవాసి రక్తాన్ని దాచుకొని ఫ్రెంచి దొరసానిలా ముస్తాబయ్యేవాళ్ళ మీద విసురు అది. 1913లో పొసాదా పేదగా పోయాడు, ఎముకలు చివరికి ఉమ్మడి గోతిలో చేరాయి. పదేళ్ళ తరవాత చిత్రకారుడు జాఁ షార్లో ఆయన్ను వెలికితీసి రాసేదాకా కళాలోకానికి ఆయన పేరు తెలియదు.

ఆ టోపీ పుర్రెకు ఒళ్ళు ఇచ్చినవాడు చిత్రకారుడు దియేగో రివేరా. 1947లో పూర్తి చేసిన అలమేదా ఉద్యానపు ఆదివారం కుడ్యచిత్రంలో ఆమెను నడుమ నిలబెట్టి, నిలువు గౌను తొడిగి, మెడలో ఈకల పామును వేసి, ఒకపక్క పొసాదా చేయి పట్టించి, మరోపక్క పదేళ్ళ పిల్లాడిగా తన చేయి పట్టించాడు. అప్పటి నుంచి ఆమె కాత్రీనా. అక్టోబరు చివరి వారంలో మెక్సికో వీధుల్లో ముఖాలకు వేసుకునే పుర్రె రంగులన్నీ ఆమె పోలికలే. మిచోవకాన్‌లోని కపూలా గ్రామం మట్టి కాత్రీనాలు చేసి బతుకుతోంది. బడాయి మనుషులను ఎగతాళి చేయడానికి పుట్టిన బొమ్మ ఇప్పుడు ఫ్యాషన్ ప్రదర్శనల్లో నడుస్తోంది. పొసాదా చూస్తే దానిమీద మరో బొమ్మ చెక్కేవాడు.

రాజ్యం, బజారు, సినిమా

1910లో మొదలైన విప్లవం తరవాత కొత్త ప్రభుత్వాలకు స్పెయిన్‌కూ అమెరికాకూ చెందని ఒక మెక్సికో కావలసి వచ్చింది. చిత్రకారులు, మేధావులు మృత్యువును చూసి నవ్వే జాతి అన్న రూపాన్ని కట్టారు. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టైన్ 1931లో మెక్సికోలో తీసిన అసంపూర్ణ చిత్రానికి ఈ పండుగనే చివరి ఘట్టంగా అనుకున్నాడు. 1950లో మెక్సికో కవి ఒక్తావియో పాస్ తన వ్యాస సంపుటిలో మెక్సికన్‌కు మృత్యువు చిరపరిచితమన్న వాదనకు సాహిత్య గౌరవం తెచ్చాడు. మృత్యువు మెక్సికోకు ఎలా జాతీయ చిహ్నమైందో వివరిస్తూ మానవ శాస్త్రజ్ఞుడు క్లావ్‌దియో లోమ్నిత్స్ 2005లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. 1970ల్లో మిచోవకాన్ రాష్ట్ర ప్రభుత్వం సరస్సు ఒడ్డు ఊళ్ళలోకి పర్యాటకులను రప్పించే పని పెట్టుకుంది. మరోవైపు అమెరికా హాలోవీన్ సరిహద్దు దాటి రావడంతో బడులూ మ్యూజియాలూ పీఠాల పోటీలు పెట్టి మన పండుగ ఇదీ అని పిల్లలకు నేర్పాయి. పిల్లలు మాత్రం రెండూ కలిపేశారు. మంత్రగత్తె వేషం వేసుకొని, ప్లాస్టిక్ గుమ్మడికాయ పట్టుకొని, ఇంటింటికీ వెళ్ళి నా కలవేరా నాకివ్వండి అని అడుగుతారు.

మెక్సికో నగరపు మహా ఊరేగింపు కథ చెప్పుకోదగ్గది. 2015లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా ‘స్పెక్టర్’ మొదటి దృశ్యంలో రాకాసి అస్థిపంజరాలతో నగరం నడుమ ఊరేగింపు సాగుతుంది. అలాంటిది అప్పటికి అక్కడ లేదు. సినిమా చూసి వచ్చే పర్యాటకులు అది ఎక్కడని అడిగితే ఏం చెప్పాలి? 2016 అక్టోబరు 29న నగరం దాన్ని నిజంగానే నిర్వహించింది, ఇప్పటికీ నడుపుతోంది. 2017లో సెప్టెంబరు భూకంపంలో పోయినవాళ్ళకు ఆ ఊరేగింపును అంకితం చేశారు. పుట్టుక సినిమాదే అయినా, సొంత దుఃఖాన్ని మోయడానికి దానికి రెండో ఏడే సరిపోయింది.

2013లో డిస్నీ సంస్థ తన రాబోయే బొమ్మల చిత్రం కోసం పండుగ పేరునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోబోయి, గగ్గోలు పుట్టడంతో వెనక్కి తగ్గింది. అప్పట్లో దాన్ని కార్టూన్లతో ఏకిపారేసిన లాలో అల్కరాస్‌ను తరవాత ఆ సినిమాకే సలహాదారుగా పెట్టుకున్నారు. 2017లో ‘కోకో’ పేరుతో వచ్చిన ఆ చిత్రం అమెరికా కన్నా ముందు మెక్సికోలో విడుదలై ఘనవిజయం సాధించింది. అందులో ఆత్మలకు తోడుగా ఎగిరే రంగురంగుల జంతువులు, అలెబ్రిహేలు, పండుగకు సంబంధించినవి కావు. కాగితపు గుజ్జు బొమ్మలు చేసే పేద్రో లినారెస్ 1930ల్లో సృష్టించినవి.

అమెరికాలో ఈ పండుగ నగరాలకు ఎక్కింది మెక్సికో మూలాలున్న అమెరికన్ల చికానో ఉద్యమం ద్వారా. 1970ల తొలినాళ్ళలో లాస్ ఏంజెలెస్ తూర్పు భాగంలో సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ కళాకారులు, శాన్‌ఫ్రాన్సిస్కోలో గలేరియా దె లా రాసా వాళ్ళు దీన్ని ఊరేగింపుగా, ప్రదర్శనగా మొదలుపెట్టారు. అమ్మమ్మల ఇంట్లో చూడని పండుగను చాలామంది చికానో యువకులు పుస్తకాల నుంచి, మెక్సికో ప్రయాణాల నుంచి నేర్చుకున్నారు. అక్కడ పీఠం తొందరగానే రాజకీయమైంది. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళకు, సరిహద్దు ఎడారిలో దాహంతో పోయిన వలస కూలీలకు పీఠాలు లేచాయి.

ఫొటో పెట్టని ఇళ్ళు

2020లో కోవిడ్ వల్ల శ్మశానాలు మూసేశారు. ప్రభుత్వం అక్టోబరు 31 నుంచి మూడు రోజులు జాతీయ సంతాపం ప్రకటించింది. జనం ఇళ్ళలోనే పీఠాలు కట్టుకున్నారు. అదొక్క ఏడాది సమస్య. దానికన్నా పాతుకుపోయినది మరొకటి ఉంది. మాదకద్రవ్యాల ముఠాల హింస పెరిగాక జాడ తెలియకుండా పోయినవాళ్ళ అధికారిక జాబితా 2022 మేలో లక్ష దాటింది. పోయినవాళ్ళ ఫొటో ఉండాల్సిన పండుగలో ఈ కుటుంబాలకు చోటెక్కడ? పీఠం మీద కొడుకు ఫొటో పెడితే చనిపోయాడని ఒప్పుకున్నట్టే, వెతకడం మానేసినట్టే అని చాలామంది తల్లులు పెట్టరు. కొందరు పెట్టి పక్కన కొవ్వొత్తి వెలిగించరు. మరికొందరు ఏళ్ళ తరవాత ఏదో పొలంలో ఎముకలు దొరికి, పరీక్షలో పేరు తేలాకే మొదటిసారి పీఠం కడతారు. గ్వాదలహారా నగరంలో ఒక పెద్ద కూడలిని ఈ కుటుంబాలు కనబడకుండా పోయినవాళ్ళ కూడలిగా పేరు మార్చేశాయి. అక్కడ ఫొటోలు ఏడాది పొడవునా అంటించి ఉంటాయి.